కళింగ తీరాన మొగలి పువ్వు

కళింగపట్నం పేరు రేడియో శ్రోతలకు కొత్తది కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ అది కళింగపట్నానికి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉన్నదో వార్తలలో వింటూనే ఉంటాము. రేవులో ఎన్నవ నెంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారో కూడా వింటాము. ఈ విధంగా వినగా వినగా, ఆ ఊరి పేరు చెవిని పడగానే గాలీ వానా తలపునకు రావడం మనకు అలవాటైపోయినది. కాని వంశధార సముద్రంలో కలిసే చోట వెలసిన ఈ పాత రేవుకు మరొక విధమైన గాలితో కూడ సంబంధమున్నది. అది పరిమళాన్ని మోసుకొనివచ్చే గాలి. పూర్వం ఈ రేవునుండి వస్త్రాలతోపాటు సుగంధ ద్రవ్యాలు కూడ ఓడలకెక్కి పరదేశాలకు పోయేవని ఆ ప్రాంతంలో ఈనాటికీ చెప్పుకొంటారు. ఆ మాటను మనసులో ఉంచుకొని శ్రీకాకుళం జిల్లా తీరం వెంట నడిచినట్లయితే, దానికి సాక్షిగా మనకు ఎదురయ్యే మొక్క ఒకటున్నది. ఇసుక దిబ్బలమీద ఊడలు దింపి, ముళ్ళ ఆకులు చాచి నిలిచే ఆ మొక్క మొగలి.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఆ మొగలి కథ. ఒకే సముద్రతీరం, ఒకప్పుడు ఒకే జిల్లా, ఒకే జాతి మొక్క. అయినప్పటికీ ఆ తీరానికి ఉత్తరపు కొసను ఈ పువ్వు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినది. దక్షిణపు కొసను తోటల చుట్టూ కంచెగా మాత్రమే మిగిలిపోయినది. ఈ తేడా ఎట్లా వచ్చినదో తెలుసుకొంటే, ఇప్పుడు ఆ కంచెను కూడ నరికివేయడం ఎంతవరకు యుక్తమో మనకే బోధపడుతుంది.

సుగంధానికీ కళింగానికీ ఉన్న సంబంధం కాళిదాసు కాలానికే ప్రసిద్ధమైనది. రఘువంశం ఆరవ సర్గలో ఇందుమతీ స్వయంవరానికి వచ్చిన రాజులలో కళింగాధిపతి హేమాంగదుడు ఒకడు. అతడు మహేంద్రగిరికీ సముద్రానికీ ప్రభువు. చెలికత్తె సునంద అతనిని వర్ణిస్తూ, తాళవనాల మర్మరధ్వని వినవచ్చే సముద్రతీరాన విహరించమనీ, ద్వీపాంతరాలనుండి లవంగ పుష్పాలను తెచ్చే గాలి చెమట ఆరుస్తుందనీ ఇందుమతికి చెపుతుంది. ద్వీపాంతరాల లవంగాలంటే తూర్పు దీవుల సరుకు. అంటే కళింగ రేవులలో సుగంధద్రవ్యాల రాకపోకలు మహాకవికి తెలిసిన విషయమే అన్నమాట. మొగలి కూడ ఆయనకు బాగా తెలుసు. రఘువు దండయాత్రలో కేరళపు గాలికి రేగిన మొగలి పుప్పొడి సైనికుల కవచాలమీద పడి, ప్రయత్నం లేకుండానే వాసనచూర్ణం చల్లినట్లయినదని నాలుగవ సర్గలో వర్ణించినాడు. మేఘసందేశంలోనైతే దశార్ణ దేశపు తోటల చుట్టూ ఉన్న కంచెలు మొగలి మొగ్గలు విచ్చుకొనడంచేత తెల్లబారినవని చెప్పినాడు. మొగలిని కంచెగా పెంచడమనే వాడుక ఎంత పాతదో దీనివల్ల తెలుస్తున్నది. కవి చూపునకు ఆ కంచె కూడ తోటలో భాగమే, దాని పువ్వు కూడ పువ్వే.

సంస్కృతంలో దీనిని కేతకి అంటారు. ఆ మాటే తెలుగు నోట పడి గేదఁగి అయినది. మొగలి అన్నది మన సొంత మాట. ముగలి అని కూడ వ్రాసినారు. ఒడియాలో కియా, హిందీలో కేవడా, తమిళంలో తాళై. ఉత్తరాంధ్ర పల్లెలలో ఎవరిని అడిగినా 'మొగలి తుప్పలు' అంటారు. ఆ మాటలో గౌరవం కొంచెం తక్కువగానే వినిపిస్తుంది.

ఈ చిన్నచూపునకు పురాణంలో కూడ ఒక ఆధారం దొరుకుతుంది. బ్రహ్మవిష్ణువులు ఆదీ అంతమూ కనుగొనడానికి అగ్నిలింగం వెంట బయలుదేరిన కథ మనకందరికీ తెలిసినదే. తాను లింగం కొస చూచినానని బ్రహ్మ అబద్ధమాడగా మొగలి పువ్వు దానికి సాక్ష్యం పలికినదట. అందుకు ఆగ్రహించిన పరమశివుడు తన పూజకు ఆ పువ్వు పనికిరాకుండా శపించినాడు. కళింగపట్నం నుండి వంశధార వెంట ఎగువకు పోతే శ్రీముఖలింగ క్షేత్రం వస్తుంది. తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం అదేనని చరిత్రకారుల నిర్ణయం. అక్కడి మధుకేశ్వరుడు ఇప్పచెట్టునుండి వెలసినాడని స్థలపురాణం. అడవిలోని ఇప్పచెట్టును తన రూపంగా అంగీకరించిన దేవుని సీమలో, ఇంత సువాసన గల మొగలికి గుడిలో చోటు లేకపోయినది. గుడి గడప దాటలేని ఆ పువ్వుకు ఆడవారి జడలలో చోటు దొరికినది. అది ఎట్లాగో తరువాత చెపుతాను.

ముందు మొక్క సంగతి తెలుసుకొనడం అవసరం. మొగలి నిలువెత్తు మనిషికి రెండు మూడింతలు పెరిగే చిన్న చెట్టు. కాండం వంకరలు తిరిగి, దానినుండి ఊడలు దిగి ఇసుకలో పాతుకొంటాయి. ఆకులు కత్తులవలె పొడవైనవి; రెండు అంచులమీదా నడిమి ఈనెమీదా మూడు వరుసలుగా ముళ్ళు ఉంటాయి. అందువల్ల పశువులు దాని జోలికి పోవు. తాటివలెనే దీనిలో కూడ పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. పెంటి చెట్టుకు అనాసకాయను పోలిన కాయ కాస్తుంది. దాని పువ్వుకు చెప్పదగిన వాసన లేదు. మనం మొగలి పువ్వని పిలిచేది పోతు చెట్టు వేసే పూకంకిని. లేత పసుపు కలిసిన తెల్లని రేకులు ఒకదానినొకటి కప్పుకొని ఉంటాయి. నిజానికి అవి రేకులు కావు, కంకిని కాపాడే ఆకులు. వాటి నడుమ పుప్పొడితో నిండిన చిన్న చిన్న కంకులు ఉంటాయి. ఉరుములకు మొగలి పూస్తుందని పెద్దల నమ్మకం. ఏడాదిలో అప్పుడప్పుడు పూచినా వానకారులోనే విరివిగా పూస్తుంది గనుక ఆ నమ్మకం పుట్టినది. మొగలి పొదలో నాగుపాము ఉంటుందన్న మాటకు కూడ ఇటువంటి కారణమే కనిపిస్తుంది. పామును పిలిచేది వాసన కాదు. ముళ్ళపొద ఎలుకలకూ కప్పలకూ ఇచ్చే రక్షణ. ఆహారం ఉన్న చోటికి పాము వస్తుంది.

ఈ మొక్కను పాశ్చాత్య శాస్త్రజ్ఞులు గుర్తించిన తీరులో కూడ సముద్ర వాణిజ్యం జాడ కనిపిస్తుంది. డెన్మార్కు రాజు పంపిన పరిశోధక బృందంలో ఫోర్‌స్కోల్ అనే స్వీడన్ దేశీయుడు యెమెన్ దేశంలో మొక్కలను సేకరించి, 1763లో అక్కడనే మరణించినాడు. అతని గ్రంథం 1775లో అచ్చయినది. అందులో మొగలికి అతడు పెట్టిన పేరు 'క్యూరా ఒడొరిఫెరా'. క్యూరా అనేది మన కేవడాను తలపించే మాట. ఒడొరిఫెరా అంటే పరిమళాన్ని మోసేది. అరేబియా తీరంలో దొరికిన మొక్క పేరులో హిందూదేశపు మాట ధ్వనించడం గమనింపదగినది. ఈనాడు శాస్త్రజ్ఞులు వాడే పాండానస్ ఒడొరిఫర్ అనే పేరుకు మూలం అదే.

మన తీరంలో ఈ పని చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఇతడు 1781 నుండి సామర్లకోటలో ఉండి గోదావరీ మండలపు మొక్కలను పరిశీలించినాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్ళినాడు. అంతకు ముందు ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములమీదా, విశాఖ చేపలమీదా గ్రంథాలు వ్రాసినాడు. రాక్స్‌బర్గ్ పరిశోధన ఫలితంగా 1795 నుండి లండనులో వెలువడిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గొప్ప గ్రంథం మొదటి సంపుటంలోనే మొగలికి చోటు దొరికినది. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క పటం చొప్పున సాగిన ఆ గ్రంథంలో మొగలికి మూడు పటాలు కేటాయించినారు. ఆ గ్రంథంలోని బొమ్మలు వేసినవారు మన దేశపు చిత్రకారులే. వారి పేర్లు మాత్రం ఆ పటాలవలె ప్రసిద్ధికి రాలేదు.

ఇక పరిమళం సంగతి. పువ్వును పూజించడం వేరు, దాని వాసనను పట్టి సీసాలో నిలువ చేయడం వేరు. రెండవది ఒక విద్య. వరాహమిహిరుని బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే ఉన్నది. మొగలుల కాలంలో ఈ విద్యకు రాజాదరణ లభించినది. అక్బరు పాలనావ్యవస్థను వివరించే ఐనీ అక్బరీలో సువాసన పుష్పాల పట్టికలో కేతకీ, కేవడా రెండు పేర్లూ కనిపిస్తాయి. జహంగీరు తన స్వీయచరిత్రలో కేవడా వాసన బలాన్ని ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడు. మన సీమకు కూడ ఆ సంస్కృతి గోలకొండ పాలకుల ద్వారా చేరినది. శ్రీకాకుళంలో ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641-45 నడుమ కట్టించిన జామియా మసీదు ఆ కాలానికి గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నది. కళింగపట్నంలో కూడ ఒక పాత దర్గా ఉన్నది. దర్గాలలో పూల చాదరుతోపాటు అత్తరు సమర్పించే ఆచారం దేశమంతటా కలదు. శివాలయంలో చోటు లేని కేతకి, అత్తరు రూపంలో దర్గాకు పోగలిగినది.

అత్తరు తీసే పద్ధతి చూడడానికి సామాన్యంగానే కనిపిస్తుంది. పెద్ద రాగి పాత్రలో పూకంకులను వేసి, నీళ్ళు పోసి, మూతపెట్టి, మట్టీ గుడ్డా కలిపి సందులు బిగిస్తారు. ఈ పాత్రను దేగ్ అంటారు. దీనినుండి ఒక వెదురు గొట్టం భప్కా అనే మరొక పాత్రలోనికి పోతుంది. భప్కాలో మంచిగంధపు తైలం ఉంటుంది. దానిని చన్నీటి తొట్టిలో ఉంచుతారు. దేగ్ కింద మంట పెట్టగా పూల ఆవిరి గొట్టం ద్వారా వచ్చి, చల్లబడి, తన పరిమళాన్ని గంధపు తైలానికి అప్పగిస్తుంది. మిగిలిన నీటిని వేరుచేసి, అదే తైలంమీద మరునాడు మరికొన్ని పూల ఆవిరిని పట్టిస్తారు. తైలం నిండా వాసన పట్టేవరకు ఇట్లా ఎన్నో మార్లు చేస్తారు. గంధపు తైలం కలపకుండా తీసిన శుద్ధమైన నూనెను రూహ్ అంటారు. ఆ మాటకు ఆత్మ అని అర్థం. మిఠాయిలలోనూ బిరియానీలోనూ వాడే కేవడా జలం కూడ ఈ బట్టీల సరుకే. మంట ఎంత ఉండవలెనో, భప్కా ఎప్పుడు మార్చవలెనో చెప్పే యంత్రం ఏదీ లేదు. బట్టీ దగ్గర కూర్చున్న మనిషి చేతికీ ముక్కుకూ ఉన్న అనుభవమే దానికి కొలబద్ద.

ఈ బట్టీలు వెలసినది గంజాం ప్రాంతంలో. కళింగపట్నానికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో బరంపురం ఉన్నది. దాని చుట్టుపట్ల ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి ప్రాంతాలలో, పొలం గట్లమీదా కాలువల పొడవునా మొగలి దట్టంగా పెరుగుతుంది. దేశంలో తయారయ్యే కేవడా అత్తరులో అత్యధిక భాగం అక్కడిదే. సుగంధాలకు పేరుపడిన ఉత్తరదేశపు కనౌజ్ వర్తకులకు గంజాం మొగలితో గట్టి సంబంధమున్నది. పువ్వు తెల్లవారుజామున కోసి, వేడెక్కకముందే బట్టీకి చేరవలెను; లేకపోతే వాసన ఎగిరిపోతుంది. కనుక పువ్వును కనౌజుకు తీసుకొనిపోవడం కుదరదు. బట్టీయే పువ్వు దగ్గరకు రావలసి ఉంటుంది, వచ్చినది కూడ. దానితో పువ్వుకు లెక్కన ధర వచ్చినది. ధర వచ్చిన తరువాత రైతు గట్టుమీది పోతు చెట్టును నరకడు సరికదా, దాని పిలకలు తెచ్చి నాటుతాడు.

ఇక్కడ ఒక చారిత్రక విషయం చెప్పవలసి ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు కళింగపట్నం, బరంపురం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినవే. గోపాలపురం, బారువ, కళింగపట్నం ఆ జిల్లా రేవులు. విభజన తరువాత శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న ప్రత్యేక జిల్లా అయినది. ఈనాటికీ బరంపురంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంటే మొగలి బట్టీల సీమ మనకు పరాయి సీమ ఎన్నడూ కాదు. పాత జిల్లాలో ఒక కొసను అత్తరు పండినది, మరొక కొసను కంచె పెరిగినది.

కళింగపట్నంలో ఆ విద్య ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్నకు ఆ రేవు చరిత్రే కొంత సమాధానమిస్తుంది. ఇక్కడ ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి, పడవలతో సరుకు ఎక్కించుకొనేవి. దీపస్తంభం 1876లో వచ్చినది. కాని 1890ల దశకంలో తీరం పొడవునా రైలు మార్గం పడగానే వర్తకం రైలెక్కినది. 1933లో విశాఖపట్నం హార్బరు ప్రారంభమైన తరువాత చిన్న రేవుల అవసరమే తగ్గిపోయినది. వర్తకుడు పోయిన చోటికి కొత్త బట్టీ రాదు. బట్టీ లేని చోట పోతు చెట్టుకూ పెంటి చెట్టుకూ రైతు దృష్టిలో భేదం లేదు. రెండూ పశువులను ఆపే ముళ్ళే. ఇట్లా గంజాంలో పోతు చెట్లను ఏరి నాటుతూ ఉండగా, మన వైపు మొగలి తనంతట తాను పెరిగే తుప్పగా ఉండిపోయినది.

ఈ సందర్భంలో మరొక దేశపు పువ్వును తలచుకొనడం ఉపయోగకరం. ఐరోపా చలి అడవులలో నేలబారుగా పెరిగే లిలీ ఆఫ్ ది వ్యాలీ అనే చిన్న మొక్క ఉన్నది. వెడల్పాటి రెండు ఆకుల నడుమ సన్నని కాడ, కాడకు వరుసగా వేలాడే తెల్లని చిరుగంటలు. ఫ్రెంచివారు దానిని 'ముగే' అంటారు. మన ముగలికీ వారి ముగేకూ మాటల చుట్టరికం ఏమీ లేదు, వినడానికి మాత్రం అక్కచెల్లెళ్ళ పేర్లవలె ఉన్నవి. ప్రతి ఏటా మే 1న ఫ్రాన్సులో ఒకరికొకరు ఈ పూల రెమ్మలను శుభాకాంక్షగా ఇచ్చుకొంటారు. 1561లో తొమ్మిదవ చార్లెస్ రాజు ఈ ఆచారాన్ని ప్రారంభించినాడని అక్కడి ఐతిహ్యం. ఫిన్లండు 1967 నుండి దీనిని తన జాతీయ పుష్పంగా భావిస్తున్నది. అక్కడివారు దానిని పెంచే పద్ధతి సులువైనది. ఆకురాలు కాలంలో దుంపవేళ్ళను విడదీసి, ఆకుల ఎరువు కలిసిన తేమ నేలలో, చెట్ల నీడన నాటుతారు. శీతకాలమంతా మంచు కింద నిద్రించి వసంతంలో అది మేలుకొంటుంది. ఆ చలి నిద్ర లేనిదే అది సరిగా పూయదు. కాబట్టి మన సముద్రతీరంలో దానిని పెంచాలనుకోవడం వృథా ప్రయాస. ఆకు, పువ్వు, పండు అన్నీ గుండెకు ప్రమాదం కలిగించే విషంతో కూడినవని కూడ తెలిసి ఉండవలెను. దాని కుటుంబానికే చెందినదని నేటి వృక్షశాస్త్రం చెప్పే నేలసంపెంగ మన నేలలో హాయిగా పెరుగుతుంది. తెల్లని సువాసన పూలమీద మనసున్నవారికి అది చాలును.

ఆ ముగే పువ్వులో ఒక విశేషమున్నది. దాని వాసనను ఆవిరిపట్టి తీయడం ఎవరికీ సాధ్యం కాలేదు. పువ్వు తన పరిమళాన్ని ఇవ్వదు. కనుక అత్తరు నిర్మాతలు రసాయనాలను ఆశ్రయించినారు. 20వ శతాబ్దారంభంలో హైడ్రాక్సీ సిట్రొనెల్లాల్ అనే పదార్థం దొరకడంతో ఆ వాసనను కూర్చడానికి వీలు కలిగినది. రుద్‌నిత్‌స్కా అనే ప్రసిద్ధ నిపుణుడు తన తోటలో ముగే మొక్కలను నాటి, వాటి వాసనను పదేపదే ఆఘ్రాణించి, 1956లో డియోర్ సంస్థకు 'డియోరిస్సిమో' అనే పరిమళాన్ని తయారుచేసినాడు. ఆ సీసాలో ముగే పువ్వునుండి తీసిన చుక్క లేదు. ఆ పువ్వును గురించిన జ్ఞానం ఉన్నది.

రసాయన శాస్త్రం ఒక పువ్వుకు చేసిన మేలు ఇది. అదే శాస్త్రం మన మొగలికి చేసినది మరొకటి. మొగలి నూనెలో ప్రధానంగా ఉండేది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అని తేలిన తరువాత, దానిని కర్మాగారంలో చవకగా తయారుచేయడం మొదలైనది. తినుబండారాలలో, వక్కపొడులలో, అగరువత్తులలో కృత్రిమమైన కేవడా సారం ప్రవేశించినది. ముక్కుకు పరిచయం లేనివారికి అసలు, నకలు భేదం తెలియదు. మంచిగంధపు తైలం ఖరీదై, దాని చోట పారఫిన్ నూనె వచ్చి చేరినది. పరిమళం ఇవ్వని పువ్వుకు రసాయనం కీర్తి తెచ్చిపెట్టినది. చేతినిండా పరిమళం ఇచ్చే పువ్వుకు అదే రసాయనం పోటీగా నిలిచి బేరం తగ్గించినది. గంజాం మొగలి పువ్వూ, దాని రూహ్ భౌగోళిక గుర్తింపు పొందిన సరుకులే అయినా, ఆ ముద్ర విలువ కొనేవాని ఎరుకమీదనే ఆధారపడి ఉంటుంది.

మరి బట్టీ లేని మన తీరంలో మొగలిని ఎవరు ఆదరించినారు? ముఖ్యంగా స్త్రీలు. వానకారులో మొగలి పూకంకి ఇంటికి వచ్చినదంటే ఆనాడు జడ వేసే తల్లికి పండుగ. రేకుల అంచులలోని ముళ్ళను గోటితోనో కత్తెరతోనో తీసివేసి, సన్నగా చీల్చి, మడతలు పెట్టి జడకు కుట్టుతారు. మొగలిరేకుల జడ వేసుకొన్న పిల్ల వీధిలో నడిచిపోతే, ఆమె వెళ్ళిన తరువాత కూడ ఆ వాసన ఆ వీధిలో కొంతసేపు నిలిచేది. వాడిన రేకులను పారవేయడం లేదు; బట్టల పెట్టెలో మడతల నడుమ ఉంచుతారు. వస్త్రాలకు పేరుపొందిన సీమలో ఇది సహజమే. ఎండిన రేకు నెలల తరబడి వాసన ఇస్తుంది. బజారులో కొన్న సీసా కాకుండా, పట్టుచీర మడతలోని ఎండు రేకు ద్వారా పరిమళమంటే ఏమిటో తెలుసుకొన్న తరాలు మన ఇళ్ళలో ఉన్నవి.

రైతుకు కూడ మొగలి పనికివచ్చినది. దాని ఆకులతో చాపలు అల్లుతారు. ఊడలను దంచి కుంచెలు చేస్తారు. ఒరిస్సా పటచిత్రకారుల కుంచెలలో మొగలి వేరు కుంచె ఒకటి. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ ఊడలు ఇసుకను పట్టి ఉంచడం. శ్రీకాకుళం జిల్లాకు ఉత్తర భాగాన ఉన్న ఉద్దానం పేరు ఉద్యానం అన్న మాటనుండి వచ్చినదంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఆ సీమలో, సముద్రపు గాలికి లేచే ఇసుక తోటలోనికి రాకుండా గట్టుమీది మొగలి వరుస అడ్డుకొంటుంది. ఉప్పుగాలికి అది మాడదు. ఎవరూ నీళ్ళు పోయనక్కరలేదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటి గంజాం మొగలి తోటలకు కూడ నష్టం కలిగించినది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నంమీద విరుచుకుపడినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానపు కొబ్బరినీ జీడినీ నేలకూల్చినది. అంత గాలిని ఆపే శక్తి మొగలికి ఉన్నదని నేను చెప్పడం లేదు. కాని దిబ్బ నిలిచి ఉన్న చోట కెరటం వేగం తగ్గుతుంది; దిబ్బ నిలవడానికి దానిని పట్టి ఉంచే వేరు కావలెను. దిబ్బలను చదును చేసి, మొగలి తుప్పలను తగులబెట్టి, సముద్రం కనిపించేటట్లు స్థలం సిద్ధం చేసేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించవలసి ఉన్నది. ముప్ఫై ఏళ్ళ వయస్సుగల మొగలి వరుసను ఒక్క పూటలో తీసివేయవచ్చు. తిరిగి అంత వరుస కావలెనంటే మళ్ళీ అన్ని ఏళ్ళూ పడుతుంది.

మొగలిని పెంచడంలో గొప్ప శ్రమ ఏమీ లేదు, ఒక్క మెలకువ చాలును. గింజనుండి మొలిచిన మొక్క పోతుదో పెంటిదో పూచేవరకు తెలియదు. కనుక మంచి వాసన గల పోతు చెట్టును పూతకాలంలోనే గుర్తుపెట్టుకొని, దాని పిలకనుగాని కొమ్మ ముక్కనుగాని తొలకరికి నాటవలెను. తల్లి చెట్టు ఎటువంటిదో పిల్ల కూడ అటువంటిదే అవుతుంది. నీరు నిలవని గట్టు, కాలువ ఒడ్డు, ఇసుక నేల దీనికి అనుకూలం. మూడు నాలుగేళ్ళకు పూతకు వస్తుంది. ముళ్ళ కారణంగా దారికి దూరంగా నాటడం మంచిది. పువ్వు కోసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకొని, కొక్కెం కట్టిన కర్రతో, సూర్యోదయానికి ముందే కోయవలెను. పోతు చెట్ల వరుసలు ఒక ఊరిలో తగినన్ని ఉంటే, బట్టీ పెట్టదలచినవానికి అక్కడ పువ్వు దొరుకుతుంది. గంజాంలో బట్టీ వచ్చిన తరువాత చెట్లు పెరిగినవి. మన వైపు చెట్లు ముందు పెరిగితే బట్టీ రావడానికి దారి ఏర్పడుతుంది. ఒకవేళ రాకపోయినా దిబ్బ నిలుస్తుంది, జడలోనికి పువ్వు దొరుకుతుంది.

కళింగపట్నానికి దగ్గరనే శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నవి. వాటిని 1919లో లోకానికి చూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆ మహనీయుడు, పండితులు చిన్నచూపు చూచిన వాడుక భాషకు గౌరవం సంపాదించి పెట్టినారు. ఎవరూ పట్టించుకోని సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ వ్రాసినారు. మన ముంగిట ఉన్నందువల్లనే మనం తక్కువ చేసి చూచేవాటిని తిరిగి చూడడం ఆయన నేర్పిన పాఠం. మొగలి తుప్ప విషయంలో కూడ ఆ పాఠం వర్తిస్తుంది. రాబోయే వానకారులో ఆ తీరం వైపు వెళ్ళేవారు, కంచె నడుమ తెల్లని కంకి కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. అది పోతు చెట్టు. గట్టు యజమానికి ఆ మాట చెప్పండి. దాని పిలక ఒకటి అడిగి తెచ్చుకొని నాటండి.